మళ్లీ అదే తలుపు తట్టి

తాతల ఊరేదని అడిగితే బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఎక్కువమంది పలాస అనో, సోంపేట అనో, చీపురుపల్లి అనో చెబుతారు. అన్నీ రైలాగే ఊళ్లే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. తూర్పు కోస్తా లైనులో ఉత్తర భాగం కూడా దాని చేతికొచ్చాక హౌరా నుంచి వాల్తేరు దాకా ఒకే కంపెనీ రాజ్యమైంది. ఆ పట్టాల వెంటే కూలిపనికీ, ఖలాసీ పనికీ, తరవాత ఫిట్టరు ఉద్యోగాలకూ ఉత్తరాంధ్ర జనం వచ్చి దిగారు. 1920ల చివర్లో ఆ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన వి.వి.గిరి తరవాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు.

తరాలు గడిచాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనో నిమ్‌పురాలోనో ఉండే మూడేళ్ల తెలుగు పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, వీధిలో హిందీ పట్టుకుంటుంది, అంగన్‌వాడీకి వెళితే బెంగాలీ వింటుంది. ఆ కేంద్రాన్ని బెంగాల్ జనం ఖిచుడీ ఇస్కూలంటారు. ఇంట్లో కాస్త డబ్బాడితే నాలుగో ఏటికల్లా కాన్వెంటుకు మార్చేస్తారు. ఈ పిల్లకు పదిహేనేళ్లు వచ్చేసరికి ఈ మూడు భాషలూ, ఆ కిచిడీ, ఆ కాన్వెంటు ఫీజూ కలిసి ఏం చేసి ఉంటాయి? రిజిస్టరులో జవాబు దొరకదు. ఈ నెల ఎంతమంది వచ్చారో, ఎవరు ఎంత బరువున్నారో రిజిస్టరు చెబుతుంది. నిరుడు వచ్చిన పిల్ల ఇప్పుడెక్కడుందో దానికి పట్టదు.

పట్టించుకున్నవాళ్లు ఉన్నారు. అదీ పలాస, సోంపేటలున్న శ్రీకాకుళం జిల్లాలో కూడా. ఇరవై ఏళ్లకు పైగా అవే ఇళ్లకు తిరిగి తిరిగి, అవే పిల్లల్ని కొలిచి, అడిగి, రాసుకున్న యంగ్ లైవ్స్ అధ్యయనాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. దాని ఫలితాల గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ పని చేసిన తీరు.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొలువున్న ఈ అధ్యయనం 2002లో నాలుగు దేశాల్లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాలుగోది ఇండియా. ఇండియా అంటే దేశమంతా కాదు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది. కాళ్లరిగేలా తిరిగింది మాత్రం మనవాళ్లు. సర్వే బాధ్యత హైదరాబాదు బేగంపేటలోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ తీసుకుంది. అందరూ సెస్ అనే ఆ సంస్థ తరఫున ఎస్.గాలబ్ దీనికి నాయకత్వం వహించారు. పిల్లల చేత వాళ్ల మాటల్లో చెప్పించుకునే భాగాన్ని తిరుపతి శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి చెందిన ఉమా వెన్నం బృందం చూసింది.

కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో ఒక్కోదాని నుంచి ఒక వెనకబడ్డ జిల్లానూ, కాస్త నిలదొక్కుకున్న జిల్లానూ తీసుకున్నారు. కోస్తాకు శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి. సీమకు అనంతపురం, కడప. తెలంగాణకు మహబూబ్‌నగర్, కరీంనగర్. పైన హైదరాబాదు నగరం. మొత్తం 20 చోట్లు. ఒక్కోచోట ఏడాది అటూఇటూ వయసున్న పసిపిల్లలు సుమారు వందమంది, ఎనిమిదేళ్ల పిల్లలు యాభైమంది. కలిపి చూస్తే చిన్నవాళ్లు 2,011, పెద్దవాళ్లు 1,008. ఊళ్ల పేర్లు బయట పెట్టరు. శ్రీకాకుళం జిల్లాలో ఏ మండలమో తెలుసుకుందామని కాగితాలు తిరగేసిన ఖరగ్‌పూర్ మనిషికి నిరాశే. పిల్లల పేర్లు కూడా మార్చినవే.

ఈ రెండు వయసుల ఏర్పాటులో ఉంది అసలు నేర్పు. ఒక పిల్లనే ఏళ్ల తరబడి చూస్తూ పోతే వయసు వల్ల వచ్చిన మార్పేదో, లోకం మారడం వల్ల వచ్చినదేదో విడదీయలేం. 2002లో పెద్దవాళ్లకు ఎనిమిదేళ్లు. 2009లో సర్వే బృందం మళ్లీ వెళ్లేసరికి అప్పటి పసివాళ్లకు ఎనిమిదేళ్లు నిండాయి. అవే చోట్లు, అదే వయసు, మధ్యలో ఏడేళ్ల కాలం. ఇప్పుడు లోకం ఎంత మారిందో నిలువునా కనబడుతుంది. 2002లో ఎనిమిదేళ్ల పిల్లల్లో 24 శాతం ప్రైవేటు బడిలో ఉండేవారు. 2009కి 44 శాతం. ఆ కాన్వెంట్లకు వెళ్లినవాళ్లలో మగపిల్లల వాటా ఎక్కువ. కాన్వెంట్లు పెరిగాయని ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఎంత పెరిగాయో, ఏ ఇంట్లో కొడుకు కాన్వెంటుకు వెళ్లి కూతురు సర్కారు బడికి వెళ్లిందో చెప్పాలంటే ఇలాంటి కొలత కావాలి.

మా ఊరి వర్క్‌షాపులో చక్రం ఎంత అరిగిందో చూడాలంటే అదే చక్రానికి మళ్లీ గేజి పెడతారు, పక్క బోగీ చక్రానికి కాదు. పిల్లల మీద మన దేశంలో జరిగే సర్వేల్లో ఎక్కువ భాగం పక్క బోగీకి గేజి పెట్టేవే. అవీ అవసరమే, కాదనను. కానీ అరుగుదల వాటికి కనబడదు.

అయితే చక్రం ఎక్కడికీ పోదు, పిల్లలు పోతారు. కుటుంబాలు పని వెతుక్కుంటూ ఊళ్లు మారతాయి. ఇళ్లు విడిపోతాయి. ఆడపిల్లలు పెళ్లయి అత్తవారింటికి వెళతారు. 2002, 2006-07, 2009, 2013, 2016. ఈ అయిదు విడతలయ్యేసరికి చిన్నవాళ్లలో 1,890 మంది, పెద్దవాళ్లలో 914 మంది ఇంకా అధ్యయనంలో ఉన్నారు. నూటికి తొంభై మందికి పైగా. చనిపోయినవాళ్లూ, వద్దన్నవాళ్లూ, దొరకనివాళ్లూ కలిసి మిగిలిన పది లోపు. ఈ ఒక్క అంకె వెనక ఎంత చాకిరీ ఉందో తెలియాలంటే కాస్త ఊహించుకోవాలి. పెళ్లయి వేరే మండలానికి వెళ్లిన ఇరవై రెండేళ్ల అమ్మాయి దగ్గరికి, చిన్నప్పుడు ఆమె ఎత్తు కొలిచిన సర్వేవాళ్లమంటూ వెళ్లాలి. అత్తగారికి చెప్పాలి, భర్తకు చెప్పాలి, ఎందుకొచ్చామో చెప్పాలి, కాదనకుండా చూసుకోవాలి. విడతకూ విడతకూ మధ్య కేవలం ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికే మరోసారి తిరిగేవారు. ఆర్థికశాస్త్ర పత్రికల్లో ఈ తిరుగుడు ఒక వాక్యంలో అయిపోతుంది.

మధ్యలో 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. పిల్లలు అక్కడే ఉన్నారు, పైన ప్రభుత్వాలు మారాయి. అధ్యయనం అవే పేర్లతో రెండు రాష్ట్రాల్లోనూ సాగింది.

ఇక ఇంట్లోకి వెళ్లాక జరిగేది చూద్దాం. పసిపిల్ల పొడవు కొలవడం చూడ్డానికి తేలికే. రెండేళ్ల లోపు పిల్లను నిలబెట్టరు, చెక్క బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. ఒకరు తలను పైచెక్కకు ఆనించి పట్టుకుంటారు. ఇంకొకరు మోకాళ్లు మెత్తగా నొక్కి, కాళ్లు చాపి, కదిలే చెక్కను పాదాలకు తాకిస్తారు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది, తల్లి కంగారు పడుతుంది, ఆ క్షణంలోనే మిల్లీమీటరు వరకు చదవాలి. ఒక సెంటీమీటరు తేడా వస్తే ఆ వయసులో పిల్ల గిడసబారినట్టో కానట్టో లెక్క తారుమారవుతుంది. ఈ పిల్లల్లో మొత్తం మీద మూడో వంతుకు అటూఇటూగా గిడసబారినవాళ్లే కాబట్టి గీతకు అంచున ఉన్నవాళ్లూ బోలెడుమంది ఉంటారు. ఇక్కడ చెయ్యి వణికితే ఆ తరవాత ఎంత పెద్ద గణితం చేసినా లాభం లేదు.

పిల్లకు అయిదేళ్లొచ్చాక బొమ్మల పరీక్ష పెట్టారు. పీబాడీ బొమ్మల పదపరీక్ష అని అమెరికాలో పుట్టింది. పుటకు నాలుగు బొమ్మలు. అడిగే మనిషి ఒక మాట అంటుంది, పిల్ల ఆ బొమ్మ మీద వేలు పెట్టాలి. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. కొత్త మనిషిని చూసి బిగుసుకుపోయే పల్లెటూరి పిల్లకు ఇంతకంటే మర్యాదైన పరీక్ష లేదనిపిస్తుంది. పన్నెండు మాటలు ఒక జట్టు. ఒక జట్టులో ఎనిమిది తప్పులొస్తే అక్కడితో ఆపేస్తారు, పిల్లను ఇంకా కష్టపెట్టరు.

కానీ అమెరికా పిల్లల కోసం తేలిక నుంచి కష్టానికి పేర్చిన వరస తెలుగులోకి వచ్చేసరికి చెదిరిపోతుంది. నా సొంత ఉదాహరణ చెబుతాను. రోలూ రోకలీ బొమ్మ ఇస్తే అక్కడి అయిదేళ్ల పిల్ల తెల్లమొహం వేస్తుంది, మన పిల్ల అడక్కముందే చూపిస్తుంది. మంచు బొమ్మ ఇస్తే సరిగ్గా తిరగబడుతుంది. ఈ చిక్కును యంగ్ లైవ్స్ వాళ్లు దాచిపెట్టలేదు. పెరూకు చెందిన సాంటియాగో క్వేటో, హువాన్ లియోన్ ఒక్కో ప్రశ్ననూ విడిగా పరీక్షించి, అంచనాకు లొంగని ప్రశ్నల్ని తీసేసి, మార్కుల్ని మళ్లీ కట్టారు. ఒక భాషలో పరీక్షకు కూర్చున్న పిల్లల మార్కుల్ని వేరే భాష పిల్లల మార్కులతో పోల్చవద్దని సాంకేతిక పత్రాల్లో హెచ్చరించారు. మొత్తం అధ్యయనంలో నాకు బాగా నచ్చిన వాక్యాల్లో ఆ హెచ్చరిక ఒకటి. పెద్ద పెద్ద అంతర్జాతీయ ర్యాంకులు వేసే సంస్థలు మింగేసే మాట అది.

ఈ పరీక్ష చూపించింది కలతపెట్టేదే. బడి మొదలయ్యే వయసుకే, అయిదేళ్లకే, ఉన్నవాళ్ల పిల్లకూ లేనివాళ్ల పిల్లకూ, చదువుకున్న తల్లి బిడ్డకూ చదువులేని తల్లి బిడ్డకూ పదసంపదలో స్పష్టమైన తేడా ఏర్పడింది. బడి ఆ తేడాను పుట్టించలేదు. బడి దాన్ని అందుకుంది.

కుటుంబం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆస్తులూ, అప్పులూ, తిండీ, రోగాలూ అన్నీ అడిగారు. వాటితో పాటు ఒక నిచ్చెన బొమ్మ కూడా చూపించారు. తొమ్మిది మెట్లు. తొమ్మిదో మెట్టు మీరనుకునే అన్నిటికంటే మంచి బతుకు, ఒకటోది అన్నిటికంటే అధ్వానమైన బతుకు, ఇప్పుడు మీరే మెట్టు మీద ఉన్నారు? ఆ తరవాత, ఇంకో నాలుగేళ్లకు ఏ మెట్టు మీద ఉంటారనుకుంటున్నారు? గేదెలెన్ని, ఇటుక గోడా మట్టి గోడా అని లెక్కపెట్టే పత్రంలో ఈ నిచ్చెన వేసినవాళ్లను మెచ్చుకోవాలి. సంక్షేమం అన్నది సర్కారు ఇచ్చే వస్తువు మాత్రమే కాదని ఆ తొమ్మిది మెట్ల బొమ్మకు తెలుసు. పిల్లల్ని కూడా అడిగారు, తల్లిని మాత్రమే అడిగి ఊరుకోలేదు. రోజులో ఇరవైనాలుగు గంటలూ ఎలా గడుస్తాయో, నిద్ర ఎంత, బడి ఎంత, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఎంత, నీళ్లు మోయడం ఎంత, ఆట ఎంత అని విడివిడిగా అడిగారు. ఆ గంటలన్నీ కలిపితే ఇరవైనాలుగే రావాలి. ఆడపిల్ల ఆట ఎటు పోయిందో ఆ కూడికలో తేలుతుంది.

ఈ సరుకుతో చేసిన పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన మధ్యాహ్న భోజనం అధ్యయనం అది. సంగతి ఇలా మొదలవుతుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, సర్కారు ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరిలో మొదలైంది. సరిగ్గా ఆ ముందరి ఖరీఫ్‌లోనే తీవ్రమైన కరువు. మన చిన్నవాళ్లు అప్పటికి ఏడాది అటూఇటూ వయసు పిల్లలు. పాలు మానేసి ముద్దకు అలవాటుపడే వయసులో ఇంట్లో గింజలు తగ్గాయి. 2006-07లో మళ్లీ వెళ్లేసరికి వాళ్లకు అయిదేళ్లు. కొందరు సర్కారు బడిలో చేరి మధ్యాహ్నం అన్నం తింటున్నారు, కొందరు ఇంకా చేరలేదు.

భోజనం పనిచేసిందా అని చూడటానికి తినేవాళ్లనీ తిననివాళ్లనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే సరిపోదా? సరిపోదు. పిల్లను తొందరగా బడికి పంపే ఇల్లు వేరు, పంపని ఇల్లు వేరు. పిల్ల పుష్టిగా ఉంది కనకే బడికి పంపి ఉండొచ్చు. తిండి వల్ల పెరిగిందో, పెరిగింది కాబట్టి బడికెళ్లి తింటోందో ఎలా తేల్చడం?

ఇక్కడ వాళ్లు పట్టుకున్న కొస చాలా సన్ననిది. పిల్ల ఎదుగుదల నెలనెలకూ సాఫీగా సాగుతుంది. పుట్టినరోజు జూన్‌లో ఉందా ఆగస్టులో ఉందా అన్నదానితో ఎముకకు పనిలేదు. బడిలో చేరడం మాత్రం సాఫీగా సాగదు. అయిదు నిండాయా లేదా అన్నదాన్ని బట్టి ఒక వయసు దగ్గర అది ఉన్నట్టుండి ఎగబాకుతుంది. అంటే కొన్ని నెలల తేడాతో పుట్టిన పిల్లల్లో, ఇంటి తీరుతో పెద్దగా సంబంధం లేకుండానే, ఒకరికి అన్నం దొరికింది, ఒకరికి దొరకలేదు. ఆ మలుపును ఆధారం చేసుకుని లెక్కగట్టారు. కరువు తాకిన కుటుంబాల పిల్లల్లో భోజనం వల్ల పెద్ద మెరుగుదల కనబడింది. కరువు తీసుకున్నదాన్ని బడి అన్నం తిరిగి ఇచ్చింది.

ఎవరూ ఈ ప్రయోగాన్ని తలపెట్టలేదు. కోర్టు తన పని చేసింది, వాన మొహం చాటేసింది, హెడ్మాస్టరు వయసు చూసి చేర్చుకున్నాడు. పరిశోధకుల గొప్పతనమల్లా ఆ మూడూ ఒకే పిల్లలో కలిసిన చోటును గుర్తుపట్టడం. అయితే 2002లో ఆ పిల్లల్ని ఎవరో కొలిచి ఉంచారు కాబట్టే గుర్తుపట్టగలిగారు. కరువు కోసమని కొలవలేదు, కొలిచారంతే. రెండేళ్లలోపు జరిగిన నష్టం ఇక పూడదని గట్టిగా నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నమ్మకాన్ని ఈ ఫలితం పూర్తిగా కూల్చదు గానీ, అయిదేళ్ల పిల్లకు పెట్టే అన్నం వృథా అనేవాళ్ల నోరు మూయిస్తుంది.

ఉపాధి హామీ కథ కూడా ఇలాగే ఈ జిల్లాల మీదుగా నడిచింది. ఆ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అధ్యయనంలోని జిల్లాల్లో అనంతపురం, కడప, మహబూబ్‌నగర్, కరీంనగర్ మొదటి విడతలోనే పడ్డాయి. శ్రీకాకుళానికి 2007లో, పశ్చిమ గోదావరికి 2008లో అందింది. ప్రభుత్వం తన వీలును బట్టి వేసుకున్న ఈ వరస పరిశోధకులకు మళ్లీ ఒక పోలిక అందించింది. పథకం పాతగా పేరుకుపోయిన లోటును పూడ్చలేకపోయింది గానీ, కొత్తగా వచ్చిపడిన కరువు దెబ్బను మాత్రం పిల్లల దాకా రానివ్వకుండా కాచుకుందని అపరాజిత దాస్‌గుప్తా లెక్కతేల్చారు. తల్లి ఉపాధి పనికి వెళ్లిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే కాలం పెరిగిందని ఫర్జానా అఫ్రీది, ఆమె సహ పరిశోధకులు చూపించారు. పళ్లెంలో పెట్టిన అన్నానికి పాత నష్టం పూడింది, చేతికిచ్చిన కూలి డబ్బుకు పూడలేదు. ఇది నా చదువు. రెండు లెక్కల పద్ధతులు వేరు కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకుని వాదించను. అయినా సంక్షేమం అంటే ఖాతాలో డబ్బు వేస్తే చాలనే కాలంలో ఈ తేడా ఆలోచించదగ్గదే.

హైదరాబాదు చుట్టుపక్కల ఇంతకంటే పాత పని ఒకటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు 29 గ్రామాల్లో చేసింది. అప్పటికి అంగన్‌వాడీ పథకం ఒక ప్రాంతానికి వచ్చింది, పక్క ప్రాంతానికి ఇంకా రాలేదు. వచ్చిన 15 గ్రామాల్లో గర్భిణులకూ పసివాళ్లకూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. రాని 14 గ్రామాలు పోలికకు మిగిలాయి. వాళ్ల ఉద్దేశం పుట్టిన బిడ్డ బరువు చూడటం వరకే. 2003 తరవాత ఇంకో బృందం వెళ్లి, టీనేజికి వచ్చిన ఆ పిల్లల్ని వెతికింది. అందరూ దొరకలేదు, 1,165 మంది దొరికారు. ఉప్మా గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. ఇన్సులిన్ పనికి శరీరం చూపే ప్రతిఘటన వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసు కూడా కాస్త తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. పద్నాలుగు మిల్లీమీటర్లంటే వేలి గోరంత. పదిహేనేళ్ల కిందటి ఉప్మాకు అంత గుర్తు మిగలడం చిన్న విషయం కాదు.

యంగ్ లైవ్స్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు, పేదలు ఎక్కువగా ఉండేలా కావాలనే ఎంచుకున్నారు. మరి ఇది రాష్ట్రమంతటికీ అద్దం పడుతుందా అన్న అనుమానాన్ని వాళ్లే ముందుగా లేవదీశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో పోల్చి 2008లో ఒక సాంకేతిక పత్రం వేశారు. పేదల వైపు మొగ్గి ఎంచుకున్నా, తీరా చూస్తే తమ కుటుంబాలు రాష్ట్ర సగటుకంటే ఒకింత మెరుగ్గానే ఉన్నాయని అందులో ఒప్పుకున్నారు. కాబట్టి రాష్ట్రంలో ఇంత శాతం అని చెప్పడానికి ఈ అంకెలు వాడొద్దు, పిల్లలు ఎలా మారుతున్నారో చూడటానికి వాడండి అన్నది వాళ్ల మాట సారాంశం. తన గేజి ఎక్కడ పనికిరాదో చెప్పే పనివాణ్ణి నేను నమ్ముతాను.

బాలవిద్య నాణ్యత గురించి మాత్రం ఈ అధ్యయనం చెప్పేది తక్కువే. పిల్ల కేంద్రానికి వెళ్లిందా లేదా అన్నది తెలుస్తుంది, అక్కడ టీచరమ్మ ఏం చేయించిందో అంతగా తెలియదు. ఆ ఖాళీని కొంత పూడ్చింది ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి 2016 దాకా చేసిన పని. మన తెలుగు ప్రాంతంలోనూ, అసోంలోనూ, రాజస్థాన్‌లోనూ నాలుగేళ్ల పిల్లలు 14 వేలమందిని ఎనిమిదో ఏడు వచ్చేదాకా వెంబడించారు. విధానపత్రాల్లో పిల్ల అంగన్‌వాడీ, ఒకటో తరగతి, రెండో తరగతి అంటూ మెట్లెక్కుతూ పోతుంది. నిజంలో ఈ పిల్లలు అంగన్‌వాడీ నుంచి కాన్వెంటుకు, అక్కడి నుంచి ఒకటో తరగతికి, ఫీజు కట్టలేక మళ్లీ వెనక్కు మారుతూ కనిపించారు. అయిదేళ్లకు బడికి సిద్ధంగా ఉన్నవాళ్లు తక్కువ. ఆటతో, వయసుకు తగ్గట్టు నేర్పిన చోట ఫలితం బాగుంది. అక్షరాలు దిద్దించిన చోట బాగాలేదు. మన తల్లిదండ్రులు ఫీజు కడుతున్నది ఆ దిద్దింపుకే.

తిరుపతి బృందం చేసిన భాగం గురించి ఎవరూ ఎక్కువ రాయరు, అందుకే చెబుతున్నాను. నాలుగు చోట్ల యాభై మందికి దగ్గరగా పిల్లల్ని ఎంచుకుని, ప్రశ్నపత్రం పక్కన పెట్టి, బొమ్మలు గీయించారు, కబుర్లు చెప్పించారు, ఊరు తిప్పి చూపించమన్నారు. పిల్ల ముందు నడుస్తుంది, పరిశోధకురాలు వెనక నడుస్తుంది. ఎక్కడ ఆడతారు, ఏ దారంటే భయం, ఏ ఇంటి ముందు నుంచి పోనివ్వరు అన్నవి పిల్ల చూపించే క్రమంలో బయటికొస్తాయి. పెద్ద సర్వేలో ఒక అంకె ఎందుకలా వచ్చిందో తెలియనప్పుడు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ప్రైవేటు బడికి మగపిల్లాణ్ణే పంపడానికి ఇంట్లో చెప్పుకునే కారణాలు అంకెల్లో ఉండవు, ఈ కబుర్లలో ఉంటాయి.

2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఇళ్లకు వెళ్లే దారి మూసుకుపోయింది. ఏళ్ల తరబడి జాగ్రత్తచేసిన ఫోన్ నంబర్లు అప్పుడు అక్కరకొచ్చాయి. 2020, 2021 సంవత్సరాల్లో అయిదుసార్లు ఫోన్లు చేసి, చదువు ఆగిందా, పని పోయిందా, తిండికి ఇబ్బందైందా, మనసెలా ఉంది అని అడిగారు. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్లో ఇలాంటివి అడిగితే ఎవరు చెబుతారు? వీళ్లకు చెప్పారు. పద్దెనిమిదేళ్లుగా వాళ్ల తలుపు తడుతున్న మనుషులు కనక చెప్పారు. 2023-24లో మళ్లీ నేరుగా వెళ్లారు. బల్ల మీద పడుకోబెట్టి కొలిచిన పిల్లలకు అప్పటికి ఇరవై రెండేళ్లు.

ఈ సరుకంతా పేర్లూ ఊళ్లూ తీసేసి బ్రిటన్‌లోని డేటా భాండాగారంలో పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. ప్రశ్నపత్రాలు కూడా దొరుకుతాయి. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి పని మొదలుపెట్టాలంటే వాటిని అలాగే దించుకుంటే కుదరదు. మొట్టమొదట పదపరీక్షను బాగుచేసుకోవాలి. మా పిల్లకు గిన్నె పేరు తెలుగులోనూ, ఆటో పేరు హిందీలోనూ, చేప పేరు బెంగాలీలోనూ వచ్చి ఉండొచ్చు. మూడింట్లో ఏ భాషలో అడిగినా వేలు పెడితే మార్కు వెయ్యాలి, ఏ భాషలో తెలిసిందో పక్కన రాసుకోవాలి. తెలుగు ఒక్కదానిలో అడిగి పిల్ల వెనకబడిందనడం అన్యాయం, బెంగాలీ ఒక్కదానిలో అడిగి అనడం అంతకంటే అన్యాయం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ హోదా అంగన్‌వాడీ గుమ్మం దాకా వచ్చిందో లేదో చెప్పే కొలత కూడా అదే అవుతుంది.

హిజ్లీలో ఐఐటీ ఉంది, లెక్కలు కట్టగలిగినవాళ్లకు ఈ ఊళ్లో కొదవలేదు. తిరిగే కాళ్లే కావాలి. ఒక్క వార్డు తీసుకుని ఈ ఏడు పుట్టిన పిల్లల జాబితా రాయడం మొదటి పని. తండ్రికి ఆద్రాకో చక్రధర్‌పూర్‌కో బదిలీ అయినా పిల్ల చేజారిపోకుండా, ఒక్కో ఇంటికీ ముగ్గురు చుట్టాల ఫోన్ నంబర్లు అడిగి రాసుకోవడం రెండో పని. ఆ ముగ్గురిలో ఒకరు పలాసలో ఉండే మేనమామ అయితే మరీ మంచిది.